తొమ్మిదో గడి

ఎనిమిదో తరగతికి రెండో పీరియడ్ తెలుగు చెబుతుండగా ఫోన్ వచ్చింది. తరగతిలో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. కానీ ఆ నెలంతా ఆ ఒక్క నంబరు కోసమే ఫోన్‌ను బల్ల మీద పెట్టుకుంటున్నాను. అవతల బావగారు. "చెల్లె, మీ అక్క పోయింది" అన్నాడు. కాసేపు ఇద్దరం ఫోన్లు అట్లాగే చెవులకు పెట్టుకొని ఉన్నాం. ముందు బెంచీ అమ్మాయి "టీచర్, రాసుకోమంటరా?" అని అడిగింది. తిరిగి చూస్తే బోర్డు మీద నేను సగం రాసి వదిలేసిన వాక్యం ఉంది. "రాసుకోండి" అన్నాను. నలభై మంది పిల్లలు ఆ సగం వాక్యాన్నే రాసుకున్నారు.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. మేడిపల్లి మండలంలో మేము పనిచేసే జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్. పిల్లలకు సోషల్ మేడం, నాకు అక్క. ఇద్దరివీ కోరుట్లలోనే ఇళ్లు. తొమ్మిదేళ్లు ఒకే బస్సులో, చోటు దొరికితే ఒకే సీట్లో, బడికి పోయి వచ్చాం. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే, మంచి మాటలకంటే ముందు నేను చెప్పకుండా దాచిన ఒక మాట అడ్డం పడుతోంది. అది కూడా ఇందులోనే చెబుతాను. చెప్పకుండా ఆమెను తలుచుకునే అర్హత నాకు లేదు.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చునేది కాదు. "కిటికీకి కూసుంటే ఒక్క దిక్కే మనుషులుంటరు చెల్లె" అనేది. ఈ చివర కూర్చొని, పక్కన నిలబడ్డవాళ్లను, వెనక సీటు వాళ్లను పలకరించేది. మీదేవూరు, ఎప్పటిసంది ఉంటున్నరు, అంతకు ముందుగాల ఎక్కడుంటిరి? మొదటి రెండింటికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పినవాళ్లు మూడో ప్రశ్నకు మాత్రం సర్దుకొని కూర్చునేవాళ్లు. మేము దిగే స్టేజీ వచ్చేసరికి ఎవరి తాత ఏ ఊరు నుంచి ఎందుకు లేచి వచ్చాడో అక్కకు తెలిసిపోయేది. పాత ప్రశ్నపత్రాల వెనక వైపు అదంతా రాసుకునేది. ఆమె సంచీలో అన్నం డబ్బాతో పాటు అలాంటి కాగితాల కట్ట ఒకటి ఎప్పుడూ ఉండేది.

పుట్టిల్లు సిరిసిల్ల. నేతపని ఇల్లు. తండ్రి చేమగ్గం మీద నేశాడు, అన్న మరమగ్గాలు నడుపుతున్నాడు. అక్క జగిత్యాలలో డిగ్రీ చదివి, పెళ్లయి కోరుట్లకు వచ్చింది. చరిత్ర ఎందుకు చదివావని ఒకసారి అడిగితే, "లెక్కలల్ల సీటు రాలే" అని నవ్వింది. గొప్పలు చెప్పుకోవడం ఆమెకు రాదు. పిల్లలు అడిగిన దానికి జవాబు తెలియకపోతే, "నాకు తెల్వదు. రేపటికి నువ్వొకటి తెలుసుకరా, నేనొకటి తెలుసుకొస్త" అనేది. టీచర్లలో అంత తేలికగా తెల్వదు అనగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

పిల్లలతో ఇక్కడి మనుషుల కథలు చేయించే పని మొదలైంది కూడా అట్లా తెలియని ప్రశ్న దగ్గరే. తొమ్మిదో తరగతిలో ఎక్కడో దూరదేశంలో బట్టల మిల్లులు వచ్చిన పాఠం చెబుతోంది. ఒక అమ్మాయి లేచి, "మేడం, చరిత్ర అంత వేరే దేశాలల్లనే అయిందా? మన దిక్కు ఏం కాలేదా?" అని అడిగింది. ఆ సాయంత్రం బస్సులో అక్క ఎవరినీ పలకరించలేదు. "మా నాయిన జిందగీ అంత బట్ట నేసిండు. నేను ఇరవై ఏండ్లసంది ఎవల్దో మిల్లు గురించి చెప్తున్న" అని మాత్రం అంది.

వారం తర్వాత ఒక చార్టు పట్టుకొని స్టాఫ్‌రూముకు వచ్చింది. దాని మీద స్కేలుతో గీసిన ఎనిమిది గడులు. ఒక్కో గడిలో ఒక ఫొటో, దాని కింద రెండు వాక్యాలు. మొత్తం కలిపి మూడు నిమిషాల వీడియో. నలుగురు పిల్లలు ఒక జట్టు: అడిగేది ఒకరు, వినేది ఒకరు, రాసేది ఒకరు, ఫొటో తీసేది ఒకరు. ఇంట్లోనో వాడకట్టులోనో ఉన్న ఒక ముసలి మనిషి దగ్గరికి పోవాలి. ఆ మనిషి చూసిన ఒక సంగతిని కథగా తేవాలి. కాగితం మీద ఎనిమిది గడులూ నిండాకే ఫోన్ ముట్టుకోవాలి. మొదటి గడి, నేను ఏం అడగడానికి పోయిన. ఆఖరి గడి, నాకు ఇంకా తెల్వనిది ఏంది.

"ముందుగాల చెవి, తర్వాత ఫోను" అని పిల్లలకు రోజూ చెప్పేది. తారీకు తెలియకపోతే తెలియదని చెప్పాలి, ఊహించి పెట్టకూడదు. వెనక పాట పెట్టకూడదు. "పాట పెడితె ఏడుపొస్తది, మాట ఇనబడది" అనేది. పిల్లలు తమ గొంతుతోనే చదవాలి. దానికోసం ఆటసామాన్ల గదిని ఖాళీ చేయించి, కిటికీకి ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి కట్టింది. ఫ్యాను చప్పుడు పడుతుందని దాన్ని బంద్ చేసి, చెమటలు కక్కుతూ రికార్డు చేసేవాళ్లు. ఫోన్లు రెండే, ఆమెది ఒకటి, నాది ఒకటి.

పిల్లలకు చూపించడానికి ముందు తానే ఒక కథ చేసుకొచ్చింది, తండ్రి మగ్గం మీద. ఏడు నిమిషాలు వచ్చింది. తరగతిలోని పెద్ద తెర మీద చూపిస్తే వెనక బెంచీలు ఆవలించాయి. ఒక అమ్మాయి మెల్లగా, "మేడం, మీరు పాఠం చెప్పిండ్రు, కథ చెప్పలే" అంది. అక్క ఆ మాటను స్టాఫ్‌రూములో నాలుగుసార్లు చెప్పుకొని నవ్వింది. తర్వాత దాన్ని కోసి కోసి రెండున్నర నిమిషాలకు తెచ్చింది. కోసిన ముక్కల్లో తండ్రి నవ్విన ఫొటో ఒకటి పోయిందని మాత్రం బాధపడింది.

నా వంతు పని భాష చూడటం. మొదట్లో నేను పిల్లల కాగితాలన్నీ ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చాను. అచ్చిండు అని ఉన్నచోట వచ్చాడు అని రాశాను. అక్క ఆ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏంది చెల్లె ఇది? వాళ్ల తాత అచ్చిండు అన్నడు. నువ్వు ఆ తాతను తీసేసి ఇంకో తాతను పెట్టినవు."

నేను తెలుగు పండితురాలిని, నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ముభావంగా ఉన్నాను. తర్వాత ఆ పిల్లలు చదువుతుంటే విని, దిద్దిన కాగితాలు నేనే చింపేశాను.

ఒక ఆదివారం పదకొండు మంది పిల్లలను సిరిసిల్ల తీసుకుపోయాం, అక్క వాళ్ల అన్న షెడ్డుకు. మరమగ్గాల చప్పుడులో పిల్లలు అరిచి అడుగుతున్నారు, ఆయన అరిచి చెబుతున్నాడు, ఫోన్లో చూసుకుంటే మగ్గం మోత తప్ప ఏమీ లేదు. ఆయన పది నిమిషాలు మగ్గాలన్నీ బంద్ పెట్టించాడు. షెడ్డు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. పిల్లలు ఫోన్ ముందు పెట్టారు. ఆయన నోరు తెరిచి, మూసి, సిగ్గుపడుతూ, "చప్పుడు లేకుంటె నాకు మాట రాదు బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాటనే పిల్లలు ఎనిమిదో గడిలో పెట్టుకున్నారు. వచ్చేటప్పుడు బస్సులో అక్క ముఖం చూడాలి. అంత సంతోషంగా ఆమెను మళ్లీ నేను చూడలేదు.

ఇక నేను దాచిన మాట. అది ఇంకో అమ్మాయి సంగతి. పేరు చెప్పను. చివరి నుంచి రెండో బెంచీలో కూర్చునేది, అడిగితేనే మాట్లాడేది. తల్లి బీడీలు చుడుతుంది. తండ్రి ఆ పిల్లకు మూడేళ్లప్పుడు దుబాయి పోయాడు. మా దిక్కు అది వింత కాదు. ప్రతి తరగతిలో సగం మంది నాన్నలు ఫోన్లలోనే ఉంటారు. ఆ పిల్ల జట్టు కట్టనని, ఒక్కదాన్నే చేస్తానని అంది. నాయినమ్మను అడిగింది. దుబాయి పోయినోళ్ల కథ అని పేరు పెట్టింది.

తరగతిలో మొదటిసారి వేసినప్పుడు నేనూ ఉన్నాను. ఒక పాత సూట్‌కేసు ఫొటో, పాస్‌పోర్టు జిరాక్సు, ఇంటి ముందు జామచెట్టు, నాయినమ్మ చేతులు. ఆ ముసలామె గొంతు గట్టిగా, ఎవరితోనో ఇంటి మాట చెప్పుకున్నట్టు వినిపించింది.

"మా కోడలు శుక్రారం శుక్రారం ఫోనస్తదని అందరికి చెప్తది. ఇంట్లకు పోయి తలుపు దగ్గరికేసి మాట్లాడుతది. తిన్నవా, పానం మంచిగున్నదా, ఇక్కడ వానలు బాగ పడ్డయ్ అంటది. ఫోన్ రాక ఐదేండ్లాయె బిడ్డా. అవతల ఎవ్వలుండరు. నాకెరుకే. నాకెరుకని ఆమెకెరుక లే."

అక్క తెర ఆపేసి, ఆ పిల్ల దగ్గరికి పోయి మెల్లగా అడిగింది.

"మీ అమ్మ చూసిందా ఇది?"

పిల్ల తల ఊపింది.

"చూసి మంచిదన్నదా?"

మళ్లీ తల ఊపింది. అది అబద్ధమని మాకు తర్వాత తెలిసింది. ఆ పిల్లను నేను తప్పు పట్టను. ఐదేళ్లుగా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకరికి తెలియనట్టు ఒకరు బతుకుతున్నారు. ఆ మాటను ఎక్కడైనా దించుకోవాలని ఆ పిల్లకు అనిపించి ఉంటుంది. అక్క తరగతి వైపు తిరిగి, "ఇది ఈ గదిలనే ఉండాలె. ఎవ్వలకు పంపద్దు, ఎవ్వలకు చెప్పద్దు" అంది. పిల్లలు ఆ మాట నిలబెట్టుకున్నారు.

నిలబెట్టుకోనిది నేను.

పేర్లలో అక్షరదోషాలు చూస్తానని ఆ వీడియో నా ఫోన్లోకి తీసుకున్నాను. ఇంటికి పోయి ఇంకోసారి చూశాను, ఏడుపు వచ్చింది. గర్వం కూడా వచ్చింది. మా పిల్లలు ఇంత గొప్పగా చేశారని జగిత్యాలలోని మా పుట్టింటివాళ్ల గ్రూపులో పెట్టాను. పన్నెండు మంది ఉన్న గ్రూపు, అందరూ మావాళ్లే అనుకున్నాను. అందులో మా మరదలి పుట్టిల్లు ఆ పిల్ల ఊరికి పక్క ఊరే అన్నది నాకు ఆ క్షణం గుర్తు రాలేదు.

నాలుగో రోజు పొద్దున ప్రార్థన అయిపోతుండగా ఆ తల్లి బడికి వచ్చింది. చెప్పులు గేటు బయటే విడిచి వచ్చింది, గుడికి వచ్చినట్టు. నేరుగా అక్క ముందు నిలబడింది.

"టీచరమ్మా, నేనేం తప్పు చేసిన మీకు?"

అక్క చేతిలోని పుస్తకాలు నాకు ఇచ్చి, "లోపలికి రా అమ్మా, కూసో" అంది.

"కూసోను. రేషన్ దుకాణం కాడ నన్ను అడిగిండ్రు, ఈ శుక్రారం ఏమన్నడు నీ మొగడు అని. అడిగి నవ్విండ్రు. ఐదేండ్లు కాపాడుకున్న నేను. మీరు మూడు నిమిషాలల్ల తీసిండ్రు."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. హెడ్మాస్టరు గదిలోంచి బయటికి వచ్చి, బయటికి ఎవరు పంపారని అడిగాడు. నా చేతుల్లో అక్క పుస్తకాలున్నాయి. వాటి అట్టలు నా వేళ్లకు ఒత్తుకోవడం ఇప్పటికీ గుర్తుంది. నోరు తెరవాలనుకున్నాను. తెరవలేదు.

"నా చేతులకెల్లే పోయింది సార్" అంది అక్క. ఆమెకు అప్పటికి ఏమీ తెలియదు. పని తనది కాబట్టి తప్పు తనదే అనుకుంది, అంతే.

సాయంత్రం బస్సులో చెప్పాను. అక్క చాలాసేపు నా వైపు చూడలేదు. చుట్టూ జనం, పొలాల నుంచి వచ్చే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. ఆ రద్దీలో నేను ఏడుస్తుంటే ఎవరో "ఏమైందమ్మా?" అని అడిగారు. అక్క, "పానం బాగలేదు" అని చెప్పింది. కాసేపయ్యాక నాతో అంది.

"ఎవలెవలకు పంపినవో ఒక్కొక్కలకు ఫోన్ చెయ్యి. తీసేయుమను."

చేశాను. మూడు రోజులు అదే పని. మా మరదలు, "మంచిగుంది గదా వదినా, మేమందరం ఏడ్చినం" అంది. తీసేసింది. కానీ ఆమె పంపిన వాళ్లు ఇంకెవరికో పంపారు, వాళ్లు మరెవరికో. ఒకరు తీసేస్తే అప్పటికి అది ముగ్గురి దగ్గర ఉండేది. అక్క బడి అయ్యాక ఆ పక్క ఊళ్లలో ఇంటింటికీ పోయి, ఫోన్ తీయండి, దాన్ని తీసేయండి అని బతిమాలింది. కొందరు తీసేశారు. కొందరు టీచర్ ముందు తీసేసినట్టు చేశారు. వారం తర్వాత ఆ వీడియో తిరిగి తిరిగి అక్క ఫోన్‌కే వచ్చింది. ఎవరో దానికి ఏడుపు పాట ఒకటి కట్టారు. ముసలామె గొంతు ఆ పాట కింద సగం మునిగిపోయింది. అక్క దాన్ని చివరిదాకా విని, ఫోన్ బోర్లా పెట్టి, "ఇగ మన చేతులల్ల లేదు చెల్లె" అంది.

ఆ పిల్ల బడికి రావడం మానేసింది. అక్క వాళ్ల ఇంటికి పోయింది. మొదటిసారి నేనూ వెంట పోయి గేటు దగ్గరే నిలబడ్డాను. రెండోసారికి పేపర్లు దిద్దాలని చెప్పాను. మూడోసారికి ఆమె నన్ను పిలవలేదు. నాలుగుసార్లు పోయింది. నేను చెప్తానక్కా, నేనే చేశానని ఆ తల్లితో చెప్తాను అని ఒక రోజు అన్నాను. అక్క నా ముఖంలోకి చూసి, "చెప్తె నీకు తేలికైతది. ఆమెకేమైతది? ఇంకొక్కలకు తెలుసని తెలుస్తది" అంది. ఆ మాటను పట్టుకొని నేను ఆగిపోయాను. నిజం చెప్పాలంటే, ఆగడానికి నాకు ఒక సాకు కావాలి. ఆమె ఇచ్చింది.

మూడో వారం ఆ పిల్ల వచ్చింది, ఏమీ జరగనట్టు వచ్చి తన బెంచీలో కూర్చుంది. తల్లిని ఎట్లా ఒప్పించావని అడిగితే, "ఒప్పియ్యలే. తిట్టింది, కూసున్న. మల్ల తిట్టింది, మల్ల కూసున్న. నాలుగోసారి నీళ్లిచ్చింది" అంది అక్క. అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

కథల పని ఆ ఏడంతా ఆగిపోయింది. ఆటసామాన్ల గది కిటికీకి కట్టిన దుప్పటిని అక్కే విప్పి ఇంటికి తీసుకుపోయింది. ఇక ముట్టుకోదని అందరం అనుకున్నాం. కానీ బడులు మళ్లీ తెరిచిన జూన్‌లో కొత్త చార్టు తెచ్చింది. గడులు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదో దానిలో ఒక ఫొటోకు గానీ వాక్యానికి గానీ చోటు లేదు. ఒకే ప్రశ్న రాసి ఉంది. ఈ కథ ఎవలది? వాళ్లు ఊఁ అన్నరా?

దాని వెనక చాలా ఆలోచించింది. కథ చెప్పిన మనిషికి ముందు చూపించాలి, తరగతికి కాదు. ఆ మనిషి ఒక్కరే కాదు, ఆ కథలో ఎవరి మాట వస్తుందో వాళ్లందరూ చూడాలి. పిల్ల తల ఊపితే చాలదు, టీచర్ స్వయంగా పోయి అడగాలి. ఈరోజు సరే అన్నవాళ్లు రేపు వద్దంటే, వద్దు అన్నదే చెల్లుతుంది. రికార్డు చేసిన ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పోకూడదు. చార్టు కింద అంచున చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది, చెప్పకుండ ఉంచుడు కూడ నేర్చుకోవాలె అని.

ఆ ఏడు నలుగురు అమ్మాయిల జట్టు ఒకటి నెల రోజులు కష్టపడి ఒక తాత కథ చేసింది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఊరు విడిచి పోయి, చాలా ఏళ్లకు తిరిగి వచ్చిన కథ. చాలా బాగా వచ్చింది. అక్క వాళ్లను వెంటబెట్టుకొని పోయి ఆయనకు చూపించింది. ఆయన రెండుసార్లు చూశాడు. "మంచిగ చేసిండ్రు బిడ్డా. కాని వద్దు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అక్క ఎందుకని అడగలేదు. ఆయన ముందే పిల్లలతో దాన్ని తుడిపించింది. తిరిగి వస్తూ పిల్లలు ఏడ్చారు. వాళ్లకు ఆమె మార్కులన్నీ వేసింది. హెడ్మాస్టరు ఏమి చూసి వేశావని అడిగితే, "ఆగిండ్రు సార్. అది చూసి ఏసిన" అంది.

బతుకమ్మ సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో ఒక పొద్దున అక్క బస్సు దగ్గరికి రాలేదు. ఇంట్లో పళ్లు తోముకుంటూ కూలిపోయిందట. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. కరీంనగర్‌లో పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి తెచ్చారు.

ఆదివారాలు పోయేదాన్ని. నన్ను చూసి కళ్లు వెలిగేవి. నోట్లోంచి ఒక శబ్దం వచ్చేది, మాటకు ముందు వచ్చే శబ్దం, అక్కడే ఆగిపోయేది. మళ్లీ మొదలుపెట్టేది. నీళ్లా అక్కా? తల అడ్డంగా. పక్కకు తిప్పాల్నా? అడ్డంగా. బడి సంగతా? కొంచెం ఆగి, అడ్డంగా. పిల్లల పేర్లు చెప్పాను, ఊళ్ల పేర్లు చెప్పాను. బావగారు పలక తెచ్చి ఎడమ చేతికి బలపం ఇచ్చాడు. ఒక గీత గీసింది, దాని పక్కన ఇంకొకటి. అక్షరం కాలేదు. ఇరవై ఏళ్లకు పైగా బోర్డు మీద రాసిన మనిషి ఆమె.

తెలుగు చెప్పేదాన్ని నేను. మాటలే నా పని. ఆ మంచం పక్కన గంట కూర్చొని, ఆ ఒక్క మాట ఏమిటో నేను కనుక్కోలేకపోయాను. చివరికి, అర్థమైందక్కా అని అబద్ధం చెప్పాను. ఆమె నన్ను చూసింది. తొమ్మిదేళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లం, నా అబద్ధం ఆమెకు తెలియదా? కళ్లు మూసుకొని ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను ఆమెను చూసిన చివరి ఆదివారం అదే.

కోరుట్లలో దహనం రోజు బడి పిల్లలు మూడు ఆటోల్లో వచ్చారు. సిరిసిల్ల నుంచి వాళ్ల అన్న వచ్చాడు. పదో తరగతికి వచ్చిన ఆ పిల్ల కూడా వచ్చింది. అందరికంటే వెనక నిలబడింది, తల్లి రాలేదు.

దినాలు అయ్యాక నేను ఆ పిల్ల ఇంటికి పోయాను. ఈసారి గేటు దాటాను. తల్లి వాకిట్లో చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. పిల్ల బడిలో ఉంది. నన్ను గుర్తుపట్టి పీట జరిపింది. కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఆ వీడియో బయటకు పంపింది నేను. మేడం కాదు."

ఆమె చేతులు ఆగాయి. ఆకు మీద పోసిన తంబాకు కొంచెం ఒడిలో పడింది.

"నేనడిగిన ఆమెను" అంది. "నాలుగుసార్లు అచ్చింది. అచ్చినప్పుడల్ల అడిగిన, ఎవలు పంపిండ్రని. నేనే అన్నది. నీ పిల్లలు పాడైపోను అన్న. నీ నోరు పడిపోను అన్న." ఆ మాట దగ్గర ఆగింది. నా వైపు చూసింది. ఆ చూపును ఎట్లా భరించాలో నాకు తెలియలేదు. "మాట పడిపోయిందన్నరు గద ఆమెకు?"

అది జబ్బమ్మా, నీ మాట వల్ల కాదు అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. ఆమె వింటున్నట్టు లేదు. నేను ఇక్కడికి వచ్చింది నా బరువు దించుకోవడానికి. దించుకోలేదు, తీసుకొచ్చి ఆమె నెత్తిన ఇంకొకటి పెట్టాను. అక్క చెప్పింది నిజం. చెబితే ఆమెకేమవుతుందో అక్కకు తెలుసు, నాకు తెలియలేదు.

నన్ను కూడా తిట్టమ్మా అన్నాను.

"నిన్నేం తిట్టాలె?" అంది. "ఉన్న తిట్లన్ని ఆమెకు పెట్టిన. ఇగ నా దగ్గెర లెవ్వు." చాట తీసుకొని లోపలికి పోయింది. తలుపు వేయలేదు, పిలవనూ లేదు.

పోదామని లేచాను. అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చున్న నాయినమ్మ చెయ్యి ఊపి పిలిచింది. వీడియోలో చూసిన చేతులు. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఫోన్లో తన గొంతు ఊళ్లు తిరిగిందని గానీ, అక్క పోయిందని గానీ తెలియదు. నా మణికట్టు పట్టుకొని దగ్గరికి లాక్కుంది.

"గా లావుపాటి అద్దాల టీచరమ్మ మీ బడామెనే గద? మా కోడలు ఇంట్ల లేనప్పుడు మొన్నటిదాంక అచ్చేది. నా కొడుకు పేరు రాసుకున్నది, ఆడి కంపెని పేరు రాసుకున్నది, పాసుపోర్టు కాగితం ఫొటో తీస్కపోయింది. దుబాయిల ఎవల్నో అడుగుతున్ననన్నది. జవాబు అచ్చినంక అస్త అన్నది." గొంతు తగ్గించి, కోడలికి వినపడకుండా అడిగింది. "ఏమన్న తెలిసిందా బిడ్డా?"

నాలుగుసార్లు కాదు, అక్క ఆ ఇంటికి ఇంకెన్నిసార్లు పోయిందో నాకు తెలియదు. ఎవరిని అడిగిందో, ఎవరైనా జవాబు ఇచ్చారో లేదో బావగారికీ తెలియదు. ఆ రోజు అరుగు ముందు నిలబడి నేను ఏదో అన్నాను. ఏమన్నానో నాకే వినిపించలేదు.

"ఇటు చెప్పు, ఈ చెవు మంచిగ ఇనబడుతది" అని ఆమె చెంగును పక్కకు తీసి, తల వంచి, చెవిని నా నోటి దగ్గరికి తెచ్చింది. అట్లాగే ఉండిపోయింది.